విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర పాత రికార్డుల కొట్టు

రేడియోలు బాగుచేసే కొట్టే, రికార్డులూ అమ్ముతారు. అట్టలు సముద్రపు చెమ్మకు ఉబ్బిపోయాయి. ధర మన ముఖం చూసి చెబుతారు. అయినా వెళ్ళండి. ఘంటసాల కట్ట అడుగున ఏ.ఎం. రాజా పాటల చిన్న రికార్డు దొరికింది. ఘంటసాల గంభీరానికి అలవాటుపడిన నా చెవికి ఈ గొంతు కొత్త: ఎక్కడా పెంచరు, పక్కన కూర్చుని చెప్పుకున్నట్టు పాడతారు. ‘మిస్సమ్మ’ (1955)లో ఎన్టీఆర్‌కు పాడింది, ‘పెళ్ళికానుక’ (1960)కు సంగీతం కూర్చింది ఈయనే. ఇంతటివాణ్ణి ఎలా మరిచామో! నిమిషానికి 45 చుట్లు తిరిగే ఆ రికార్డులో గరగర ఉంది గానీ పాట ఎక్కడా గెంతలేదు. కొనేముందు అక్కడే వేయించుకుని వినండి, విసుక్కోరు. రికార్డు ప్లేయరు సూది మాత్రం కొనకండి, అరిగినదే అంటగడతారు.