దవడ తిత్తికి చికిత్స: ఒక దంత శస్త్రచికిత్స విభాగంపై సమీక్ష

మా అబ్బాయి పై దవడలో దాగిన అదనపు పన్ను చుట్టూ ద్రవంతో నిండిన తిత్తి పెరిగిందని ఎక్స్‌రేలో తేలినప్పుడు, నొప్పే లేని సమస్యకు శస్త్రచికిత్స ఎందుకన్న సందేహంతోనే ఈ విభాగానికి వెళ్లాం. ఇటువంటి తిత్తి మొలవని పన్ను పైభాగాన్ని చుట్టుకొని, చాలాకాలం ఏ లక్షణమూ చూపకుండా ఎముకను కరిగిస్తూ పక్క పళ్లను జరుపుతుందని, ఎక్కువగా కింది జ్ఞానదంతాల వద్ద కనిపిస్తుందని వైద్యురాలు ఓపికగా వివరించారు. నాకు అన్నిటికన్నా నచ్చినది వారు తొందరపడకపోవడం: త్రీడీ స్కాన్ తీసి, మొలవాల్సిన శాశ్వత దంతం తిత్తికి ఎంత దగ్గరగా ఉందో చూశాకే, అదనపు పన్నుతో పాటు తిత్తి పొరను పూర్తిగా తొలగించాలని నిర్ణయించారు. తిత్తి మరీ పెద్దదైతే ముందుగా చిన్న ద్వారం చేసి ద్రవాన్ని బయటకు పోనిస్తారని, పిల్లల్లో ఆ పద్ధతి వల్ల లోపలి పన్ను తనంతట తానే మొలిచే అవకాశం ఉంటుందని కూడా చెప్పారు. తీసిన పొరను బయాప్సీకి పంపారు. దవడ ఎముకలో పెరిగే అమెలోబ్లాస్టోమా వంటి కణితులు ఎక్స్‌రేలో ఇలాగే కనిపించవచ్చు కనుక, ఈ పరీక్షను ఎవరూ వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం. మత్తు, కుట్లు, తర్వాతి ఆహార జాగ్రత్తల విషయంలో ఏ ఇబ్బందీ కలగలేదు. లోపమల్లా, ఎముక తిరిగి పూడుతోందో లేదో చూసే తదుపరి ఎక్స్‌రేల తేదీలను మేము అడిగేవరకు రాసి ఇవ్వకపోవడమే.