రెండు పళ్ళేల తక్కెడ: తూకానికెంత, ధర్మానికెంత?

ఖాళీ తక్కెడ ఎత్తి చూస్తే ముల్లు నడుమ నిలిచిందని కొనేవాళ్ళే ఎక్కువ. అది చాలదు. దండె ఒక చేయి పొడుగై, రెండోవైపు పళ్ళెం ఆ మేరకు బరువెక్కినా ముల్లు నిటారుగానే ఉంటుంది. పాసంగం, అంటే తేలికవైపు చిన్న బరువు, కట్టి సరిచేయగలిగేది పళ్ళేల తేడానే. చేతుల తేడాను అది కప్పిపెడుతుంది, అంతే.

అసలు పరీక్ష ఇది: సరుకునూ రాళ్ళనూ సరితూచి, ఆపైన ఇటువి అటు మార్చాలి. ముల్లు ఒరిగిందా, చేతులు సమానం కావు. రాళ్ళవైపు చేయి 2 శాతం పొడుగైతే కిలో రాయికి 1020 గ్రాములు తూగుతాయి. మార్చి వేస్తే సుమారు 980.4. తమాషా ఏమిటంటే, ఒక కిలో ఇటూ ఒక కిలో అటూ తూచి అమ్మితే నష్టం అమ్మేవాడికే, 0.4 గ్రాములు. ఏ చేయి పొడుగైనా ఇంతే.

నీతి ఇలాంటి లెక్కల్లోంచే పుట్టిందన్నవాళ్ళున్నారు. జర్మన్‌లో అపరాధం 'షుల్డ్', అప్పులు 'షుల్డెన్'. తప్పు చేశామన్న భావన అప్పులవాడికీ ఇచ్చినవాడికీ నడుమ మొదలైందని జర్మన్ తాత్వికుడు నీషే 1887లో వాదించాడు. మన 'ఋణం' అన్న మాటలోనూ ఆ వాసన లేకపోలేదు. అరిస్టాటిల్ దారి వేరు. ఇల్లు కట్టేవాడూ చెప్పులు కుట్టేవాడూ ఇచ్చిపుచ్చుకోవాలంటే రెండు పనులకూ ఉమ్మడి కొలత కావాలి. నాణేన్ని గ్రీకులో 'నోమిస్మా' అన్నది అది ప్రకృతిలో కాక 'నోమోస్'లో, అంటే కట్టుబాటులో పుట్టింది కాబట్టేనన్నాడు. తక్కెడను చూస్తే అరిస్టాటిల్ మాటే నిలుస్తుంది. అప్పులో ఉండేది ఇద్దరే. తూకంలో మూడోది రాయి, అది ఇద్దరిలో ఎవరి ఇష్టానికీ లొంగకూడదు.

బలహీనతా ఆ రాయిలోనే. పోత ఇనుము అరిగితే తేలికవుతుంది, కొనేవాడికి తక్కువ ముడుతుంది. రాయి తిరగేసి, గుంటలో పోసిన సీసం మీద తనిఖీ ముద్ర ఉందో లేదో చూడాలి. సీసం కదిలినా, తవ్వినట్టున్నా ఆ రాయి వద్దు. దండె ఆనే కత్తి అంచు మొద్దుబారితే చిన్న బరువు వేసినా ముల్లు చలించదు. దానికి నూనె మందు కాదు, అంచు సానపట్టించాల్సిందే.

ఎలక్ట్రానిక్ కాటా వేగం తక్కెడకు లేదు. కానీ అక్కడ అటుదిటు మార్చి చూసే వీలూ లేదు. తెలిసిన బరువు ఒకటి నాలుగు మూలలా పెట్టి అంకె మారుతుందేమో చూడటం కొనేవాడి చేతిలో ఉన్న పని.