కార్డిసెప్స్ రెండు రకాలు వాడి చూశాం: క్యాప్సూల్స్ వద్దు, ఎండువి పర్లేదు

మా నాన్నకి 62 ఏళ్లు, షుగర్ చాన్నాళ్ల నుంచి ఉంది, కరోనా వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. వాకింగ్‌లో ఎవరో చెప్పారంట, కార్డిసెప్స్ అని పుట్టగొడుగు ఉంది, వాడితే ఓపికొస్తుంది షుగర్ కూడా దిగుతుంది అని, ఇక రోజూ ఫోన్లో "అమ్మా, తెప్పించావా" అదే మాట. సరే అని ఆన్‌లైన్లో ఒక కంపెనీవి 60 క్యాప్సూల్స్ 1,450కి తెప్పించా (పేరు రాయట్లేదు). అవి అయ్యాక హైదరాబాద్ శివార్లలో ఏసీ గదిలో సీసాల్లో పెంచి అమ్మే ఒకతని దగ్గర ఎండువి 10 గ్రాములు 700కి తీసుకున్నా.

క్యాప్సూల్స్ డబ్బా మీద మంచుకొండల బొమ్మ. వెనక చిన్న అక్షరాల్లో కార్డిసెప్స్ మిలిటారిస్ అని ఉంది. హిమాలయాల్లో దొరికేది ఇది కాదండి, దాన్ని కీడా జడీ అంటారు, ఉత్తరాఖండ్‌లో పిథోరాగఢ్ జిల్లా వైపు మంచు కరిగాక ఊళ్లవాళ్లు కొండ మీదే గుడారాలు వేసుకుని గడ్డిలో పాకుతూ వెతుకుతారు, చచ్చిన గొంగళిపురుగు తలలోంచి మొలుస్తుంది, కిలో లక్షల్లో పలుకుతుంది. మనకి అమ్మేది బియ్యం మీద పెంచేది. అలాగని ఇది తక్కువది అనుకోకండి, కార్డిసెప్స్‌లో ముఖ్యమైనదిగా చెప్పే కార్డిసెపిన్ అనే పదార్థాన్ని 1950లో మొదట వేరు చేసింది ఈ మిలిటారిస్ నుంచే. కానీ బొమ్మ ఒకటి సరుకు ఒకటి పెట్టి అమ్మితే మాత్రం తప్పు తప్పే.

ఒక క్యాప్సూల్ విప్పి చూస్తే పొడి లేత మీగడ రంగులో ఉంది, నాలుక మీద వేసుకుంటే బియ్యప్పిండిలా అంటుకుంది. అనుమానం వచ్చి కాసిని నీళ్లలో మరిగించి చల్లారాక బెటాడిన్ (అందులో అయోడిన్ ఉంటుంది) రెండు చుక్కలు వేశా, మొత్తం నల్లనీలం అయిపోయింది. స్కూల్లో అన్నం మీద అయోడిన్ వేసి చూపించేవాళ్లు గుర్తుందా, అదే రంగు. పుట్టగొడుగులో అసలు స్టార్చ్ (బియ్యంలో ఉండే పిండి) ఉండదు, అంటే పెంచిన బియ్యంతో సహా ఎండబెట్టి పొడి కొట్టారన్నమాట. లేబుల్ మీద పాలీశాకరైడ్స్ (చక్కెర అణువులు గొలుసులా కలిసిన పదార్థాలు) 30 శాతం అని గొప్పగా వేశారు, బియ్యప్పిండి కూడా పాలీశాకరైడే కదా! కొనేముందు బీటా గ్లూకాన్ (పుట్టగొడుగులో ఉండే పీచు పదార్థం) ఎంత అని విడిగా రాశారా, ఫ్రూటింగ్ బాడీ (అంటే పైకి మొలిచే పుట్టగొడుగు భాగం) అని ఉందా, ఈ రెండూ చూసుకోండి. కస్టమర్ కేర్‌కి ఫోటోలు పంపితే "న్యాచురల్ ప్రాసెస్ మేడమ్" అన్నారు, డబ్బులు వెనక్కి ఇవ్వలేదు.

ఎండువి బాగున్నాయి. ముదురు నారింజ రంగు, అగ్గిపుల్ల కంటే కాస్త లావు, కొస దగ్గర ఉబ్బి గరుగ్గా ఉంటాయి. వేడి నీళ్లలో వేస్తే పది నిమిషాల్లో నీళ్లు పసుపు రంగుకి తిరుగుతాయి, నానిన పుల్లల్ని అమ్మ కోడిగుడ్డు పొరటులో వేసేస్తుంది. వాటిమీద బెటాడిన్ వేసినా రంగు మారలేదు.

మరి పనిచేసిందా అంటే, ఆయాసం కొంచెం తగ్గిందని నాన్న అంటున్నారు, కానీ అదే టైమ్‌లో వాకింగ్ కూడా పెంచారు కాబట్టి దేనివల్లో నేను చెప్పలేను. మూడు నెలల షుగర్ టెస్ట్ 7.8 నుంచి 7.6కి వచ్చింది, అది లెక్కలోకి రాదు. డాక్టర్‌కి చెప్పే వాడాం, ఒక్క టాబ్లెట్ కూడా ఆపలేదు. మీరూ ఆపకండి, దండం పెట్టి చెప్తున్నా. జపాన్‌లో టర్కీ టెయిల్ పుట్టగొడుగు నుంచి తీసిన మందుని 1977లోనే క్యాన్సర్‌కి ఆమోదించారు, అదైనా కీమోతో పాటు ఇచ్చేవాళ్లు, కీమో మానేసి కాదు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు రీషీ అనే ఇంకో పుట్టగొడుగు జోలికి డాక్టర్‌ని అడక్కుండా వెళ్లొద్దు.

ఇంకోటి చెప్పాలి. మా తమ్ముడు ఇది చూసి తనూ పెంచుతానన్నాడు, అందుకే ఆ అమ్మే అతన్ని గంటసేపు కూర్చోబెట్టి అడిగాం. గది 20 డిగ్రీల దగ్గర ఉంచాలి, మన ఎండలకి ఏసీ ఆపే వీల్లేదు, కరెంటు బిల్లే సగం లాభం తినేస్తుంది, ఒక్క సీసాలో ఆకుపచ్చ బూజు కనిపిస్తే పక్కవాటికీ భయమే, పంట చేతికి రావడానికి దాదాపు రెండు నెలలు. మొదట అతను ఒక సంస్థకి ట్రైనింగ్ ఫీజు కట్టి చేరాడంట, సరుకు మేమే కొంటాం అన్నారు, తీరా పంట వచ్చాక రంగు బాలేదని తీసుకోలేదు. ఆ సీసాలు చూపిస్తుంటే అతని గొంతు మారిపోయింది, నాకు చాలా బాధేసింది. ఇప్పుడు నేరుగా ఇళ్లకి అమ్ముకుంటున్నాడు, నెలకి పట్టుమని ముప్పై ఆర్డర్లు కూడా రావు అన్నాడు. ముందు కొనేవాళ్లని చూసుకుని తర్వాత సీసాలు పెట్టమని తమ్ముడికి చెప్పాడు, చెయ్యి తిరగాలంటే మన వేడికి తట్టుకునే మిల్కీ పుట్టగొడుగులతో మొదలుపెట్టమన్నాడు, హిమాచల్ సోలన్‌లో ఐసీఏఆర్ (కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్ల పుట్టగొడుగుల పరిశోధన సంస్థ ఉంది, అక్కడ ట్రైనింగ్ గురించి కనుక్కోమన్నాడు.

క్యాప్సూల్స్‌కి ఒక స్టార్, ఎండువాటికి నాలుగు. ఇంకో 10 గ్రాములు తీసుకున్నాం, ఈసారి వాకింగ్ పెంచకుండా అదే దూరం నడవమని నాన్నకి చెప్పా, మూడు నెలలయ్యాక ఇక్కడే అప్‌డేట్ పెడతా.