పైపెర్ఫ్: నా 8 శాతాన్ని మింగేసిన పనిముట్టు

పైథాన్‌లో ఒక ఫంక్షన్‌ను సవరించి, పైథాన్‌తోనే వచ్చే టైమ్‌ఇట్ అనే సమయం కొలిచే పనిముట్టుతో కొలిచి, "8 శాతం వేగం పెరిగింది" అని మార్పు వివరణలో రాశాను. సమీక్షించే పెద్దాయన ఒక్క మాటే అడిగారు: "పైపెర్ఫ్‌తో కొలిచారా?" అదీ పైథాన్ కోడ్ వేగాన్ని కొలిచే పనిముట్టే, కాకపోతే మరింత జాగ్రత్తగా కొలుస్తుంది. ఒళ్లు మండింది కానీ కొలిచాను. 8 కాస్తా 1 అయింది. పాత ఫలితాన్నీ కొత్తదాన్నీ పోల్చమంటే, ఆ తేడా లెక్కలోకి రాదని మొహం మీదే చెప్పేసింది.

పైకి చూస్తే దీని పని చాదస్తంలా ఉంటుంది. మామూలుగా 20 ప్రాసెస్‌లను, అంటే విడివిడిగా నడిచే పైథాన్‌లను, ఒకదాని తర్వాత ఒకటి పుట్టిస్తుంది. ఒక్కోదానిలో మొదటి కొలతను పారేసి, తర్వాతి మూడింటిని ఉంచుకుంటుంది. మొత్తం 60 విలువలు. ఇంత తతంగం ఎందుకంటే, పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల హాష్ విలువలు (డిక్షనరీల్లో వాటిని వెతకడానికి వాడే సంఖ్యలు) ప్రాసెస్‌కొక తీరుగా ఉంటాయి, మెమరీలో చిరునామాలూ అంతే; వీటిని బట్టి వేగం కూడా కాస్త మారుతుంది. నా 8 శాతం ఒక ప్రాసెస్‌కు కలిసొచ్చిన అదృష్టం. టైమ్‌ఇట్ ఐదు విడతల్లో అతి తక్కువ సమయాన్ని చూపించి చేతులు దులుపుకుంటుంది. పైపెర్ఫ్ సగటు పక్కనే, విలువలు ఎంతగా చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనాన్నీ పెడుతుంది.

నాకు బాగా నచ్చింది, ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే హిస్ట్ ఆదేశం. టెర్మినల్‌లోనే అది గీసిన బొమ్మలో నా విలువలు రెండు గుట్టలుగా పడ్డాయి. కొలత నడుస్తుండగానే ల్యాప్‌టాప్ వేడెక్కి, ప్రాసెసర్ టర్బో వేగం (తాత్కాలికంగా అందుకునే అదనపు వేగం) నుంచి కిందికి దిగింది. పైపెర్ఫ్‌లోని సిస్టమ్ ట్యూన్ ఆదేశంతో టర్బోను ఆపాక గుట్ట ఒక్కటే మిగిలింది. ఈ సౌకర్యం లినక్స్‌లోనే, అదీ రూట్ (నిర్వాహక) అధికారాలుంటేనే. పని అయ్యాక రీసెట్ చేయడం మరచి, రెండు రోజులు మెషీన్ నత్తలా నడుస్తోందని తిట్టుకున్నాను.

అలాగని దీన్ని గుడ్డిగా నమ్మమనను. పైథాన్ 3.14లోని టెయిల్ కాల్ ఇంటర్‌ప్రెటర్ (పైథాన్ కోడ్‌ను నడిపించే భాగానికి కొత్త రూపం) సగటున 9 నుంచి 15 శాతం వేగవంతమని మొదట ప్రకటించారు. 2025 మార్చిలో అసలు సంగతి తేలింది: పైథాన్‌ను తయారుచేయడానికి వాడిన క్లాంగ్ 19 అనే కంపైలర్‌లోని లోపం వల్ల పాత ఇంటర్‌ప్రెటరే నెమ్మదించిందట. ఆ లోపాన్ని పక్కన పెడితే లాభం 3 నుంచి 5 శాతమే. పరుగు పందెంలో పక్కవాడి కాలు బెణికితే గడియారం తప్పేముంది? పైపెర్ఫ్ ఫలితాల ఫైలులో పైథాన్‌ను ఏ కంపైలర్‌తో తయారుచేశారో కూడా ఉంటుంది. ఆ వరుసను నేను అప్పటిదాకా ఒక్కసారీ చదవలేదు. ఇప్పుడు అంకె కన్నా ముందు దాన్నే చూస్తున్నాను.

నా మార్పును మాత్రం వెనక్కి తీసుకోలేదు. వివరణలో "8 శాతం" కొట్టేసి, "చదవడానికి తేలిక" అని రాశాను. పెద్దాయన దానికి కొలత అడగలేదు.