లెసన్ ప్లాన్ నేర్పడానికి ఏది మేలు: సోపానాలా, చివరి ప్రశ్నా?

ఛాత్రోపాధ్యాయులకు (ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవారికి) పాఠ్య ప్రణాళిక అనగానే మొదట చూపించేది జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ సోపానాలు, అంటే పాఠం నడిపే మెట్లు: సన్నాహం, ప్రదర్శనం, సంసర్గం (తెలిసినదానితో కలిపి చూడటం), సాధారణీకరణం, అన్వయం. (ఆయన చెప్పినవి నాలుగే. ఐదుగా స్థిరపరిచింది 19వ శతాబ్దంలో ఆయన అనుయాయులు జిల్లర్, రైన్.) రెండో దారి చివరి నుంచి మొదలవుతుంది. పీరియడ్ ముగిసేసరికి పిల్లలు ఏ ప్రశ్నకు జవాబు రాయగలగాలో ముందు తేల్చుకుని, కృత్యాలు ఆ తర్వాత వెతుక్కుంటారు.

సోపానాల వల్ల తరగతిలో తడబడినా తర్వాతి మెట్టు ఏమిటో తెలుస్తుంది. కొత్తవారికి అది పెద్ద ధైర్యం. కానీ ప్లాన్ ఫారంలో గడులు నింపడమే పనైపోతుంది. 'విద్యార్థులు భిన్నాల సంకలనాన్ని అవగాహన చేసుకుంటారు' అని రాసేస్తారు. ఆ అవగాహన కలిగిందో లేదో దేన్ని చూసి చెబుతారు?

అదే పాఠాన్ని చివరి నుంచి కడదాం. పీరియడ్ 40 నిమిషాలు. చివరి ప్రశ్న: 1/2 + 1/3 ఎంత? బొమ్మ గీసి చూపండి. దాని కిందే, పిల్లలు చేయబోయే తప్పు రాయించాలి: లవాలు లవాలు, హారాలు హారాలు కూడేసి 2/5 అంటారు. 2/5 సగం కంటే తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా? పాఠానికి ఇరుసు ఈ ప్రశ్నే. ఇక కృత్యం దానంతట అదే దొరుకుతుంది: ఆరు గళ్ల దీర్ఘచతురస్రం. సగం అంటే 3 గళ్లు, మూడో వంతు అంటే 2, మొత్తం 5/6. ప్రేరణకు 5 నిమిషాలు, గళ్ల పనికి 15, నల్లబల్ల మీద వివరణకు 8, సొంతంగా చేసే లెక్కలకు 7, చివరి ప్రశ్నకు 5.

ఇందులో చిక్కల్లా, పిల్లల తప్పుల్ని ఊహించాలంటే వాటిని ముందెప్పుడో చూసి ఉండాలి. అందుకే ప్లాన్ రాయించే ముందు ఆ పాఠానివే ఓ పది నోటుబుక్కులు దిద్దించాలి.

రెడీమేడ్ ప్లాన్ ఇచ్చి మార్పులు చేయించడం మొదటి వారానికి సరిపోతుంది. అంతకు మించి సాగితే నకలు రాయడమే అలవాటవుతుంది.

మా మొగ్గు చివరి ప్రశ్న వైపే. సోపానాలు తర్వాత అమర్చుకోవడానికి పనికొస్తాయి. తొలి ప్లాన్లలో చివరి ప్రశ్న, రాబోయే తప్పు, నిమిషాలు, ఈ మూడే దిద్దండి. పాఠం చెప్పొచ్చాక అసలు పట్టిన నిమిషాలు మార్జిన్లో రాయించండి. 15 అనుకున్న గళ్ల పని 22 పట్టి ఉంటుంది, కోత చివరి ప్రశ్నకు పడి ఉంటుంది. తర్వాతి పాఠంలో 35వ నిమిషం కాగానే, ఏ పని ఎక్కడున్నా ఆపి, ఆ ప్రశ్న ఇప్పించండి.