108 సైరన్: రోడ్డు మీద పట్టాలా, కంప్యూటర్‌లో కట్టాలా?

బస్సు గేముకి కోనసీమ రోడ్ల మోడ్ (గేములో మనం సొంతంగా చేసి కలుపుకునే భాగం) చేసే కుర్రాళ్లు నన్ను ఎప్పుడూ అడిగేది ఒకటే. అంబులెన్స్ సైరన్ నిజం బండి నుంచి రికార్డు చేసుకోవడం మేలా, ఆడాసిటీ అనే సౌండు సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసుకోవడం మేలా? కిందటి డిసెంబరులో మా 108 బండి మోడ్ కోసం రెండూ చేసి చూశాను.

నిజం బండి అంటే అందరికీ మోజే, నాకూ అంతే. అమలాపురం దాటాక 216 హైవే పక్కన గంటన్నర ఫోన్ పట్టుకుని నిలబడితే ఒక 108 వెళ్లింది. ఇంటికొచ్చి వింటే ఒళ్లు జలదరించింది. గేములో పెట్టాక చూడాలి! గేము ఆ ఆరు సెకన్ల ముక్కనే లూపులో, అంటే మళ్లీ మళ్లీ, మోగిస్తుంది కదా. అంబులెన్స్ నా బస్సు వెనక కదలకుండా ఆగి ఉంది, సైరన్ మాత్రం ఆరు సెకన్లకోసారి దగ్గరికొచ్చి దాటి వెళ్లిపోతోంది. మధ్యలో ఎవరిదో స్కూటర్ హారన్, అదీ ఆరు సెకన్లకోసారే.

బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే 1000 హెర్ట్జ్ మోత మనకు దాదాపు 1050గా వినిపిస్తుంది, దాటగానే 950కి జారుతుంది. సంగీతం లెక్కలో ఇంచుమించు రెండు స్వరస్థానాలు. 1842లో డాప్లర్ అనే శాస్త్రవేత్త చెప్పింది ఇదే. ఈ జారుడును గేము ఇంజిన్ తనే లెక్కకట్టి కలుపుతుంది. దూరాన్ని బట్టి సౌండు తగ్గించేదీ అదే. మనమిచ్చే ఫైల్లో ఆ జారుడు ముందే ఉంటే, కూరలో అత్తా కోడలూ చెరోసారి ఉప్పేసినట్టు అవుతుంది. అందుకే నేను మొట్టమొదట చూసేది ఒక్కటే: ఫైల్లో సైరన్ తప్ప రోడ్డు ఉండకూడదు.

ఆగి ఉన్న బండి దగ్గర పట్టొచ్చుగా అంటారు. పట్టొచ్చు, డ్రైవరు ఒప్పుకుంటే. ఊరికే మోగిస్తే జనం కంగారుపడతారని నేనడిగినాయన కాదన్నారు. న్యాయమే.

ఆడాసిటీలో రోడ్డు గొడవే లేదు. స్వరాన్ని జార్చే చర్ప్ అనే పనిముట్టు అందులో ఉంది. దాంతో 500 నుంచి 1500 హెర్ట్జ్‌కి ఎక్కేది ఒకటి, దిగేది ఒకటి చేసి అతికిస్తే వెయిల్, అంటే ఆ సాగదీసిన ఊళ, తయారు. ఎక్కి దిగడానికి మొత్తం ఐదు సెకన్లు ఇచ్చాను. గబగబా కొట్టుకునే యెల్ప్ అయితే సెకనుకు మూడు. స్వరం ఎక్కే తీరును లాగరిథమిక్‌లో ఉంచండి. లీనియర్‌లో పెడితే కింద పరుగెత్తి పైన నత్తనడక నడుస్తుంది. ఇంతా చేసి వింటే బొమ్మ అంబులెన్స్! 2005లో 108 వచ్చినప్పటి నుంచి ఆ మోత వింటున్న చెవులు మనవి, ఇట్టే పట్టేస్తాయి.

లోటు బాకాది. నిజం సైరన్ బాకా స్పీకర్లోంచి వస్తుంది. అది అడుగు స్వరాన్ని మింగేసి మధ్య స్వరాన్ని గీపెట్టిస్తుంది. సరే, బాకా కోసం మైకుసెట్టు బాబాయి దగ్గరికెళ్లాను.

"పెళ్లికా, గుడికా?"

"ఆయ్, గేముకి బాబాయ్."

సార్వా కోతలైన చేలో, చుట్టూ గోడ అన్నది లేని చోట, బాకా పెట్టి ఆడాసిటీ ఫైలు మోగించాం. పది అడుగుల దూరంలో కొంచెం పక్కవాటుగా ఫోన్ పెట్టాను. ఎదురుగా పెడితే సౌండు పగిలిపోతుంది. ఆరు ఊళలు పట్టి మధ్యలోది ఒకటి కోశాను. కోసేముందు జెడ్ నొక్కితే కోత సౌండు అల సున్నాను దాటే చోట పడుతుంది, లూపులో టిక్కుమనదు. మోనోలో (ఒకే చానెల్‌గా), ఓజీజీ రకం ఫైలుగా దాచుకోండి. ఎంపీత్రీ అయితే మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరి ఊళ మధ్యలో ఊపిరాగినట్టుంటుంది.

నెట్‌లో దొరికే సైరన్ ప్యాకులు అమెరికా రోడ్ల గేముకి సరే. జర్మనీ ఫైరింజిన్ రెండు స్వరాల కూత రావులపాలెం సెంటర్లో మోగితే నవ్వొస్తుంది. వాడితే లైసెన్సు చదువుకుని వాడండి.

నా ఓటు చేలో బాకాకే. కాకపోతే ఐదో ఊళ పనికిరాకుండా పోయింది. సైరన్ విని గట్టు మీదకి పరుగెత్తుకొచ్చిన పెద్దావిడ "ఎవరికి బాగోలేదురా?" అన్న మాట అందులో పడింది.