అండమానా, లక్షద్వీపా?

హైదరాబాద్ నుంచి కుటుంబంతో వెళ్తుంటే నా ఓటు అండమాన్‌కే. పోర్ట్‌బ్లెయిర్‌కి (2024 నుంచి శ్రీవిజయపురం) విమానంలో దిగితే చాలు, మనవాళ్లకి పర్మిట్ గొడవ లేదు, సెల్యులార్ జైలు ఊళ్లోనే ఉంది, బజార్లో తెలుగు కూడా వినిపిస్తుంది, అక్కడ స్థిరపడ్డ శ్రీకాకుళం వాళ్లు చాలామందే ఉన్నారు మరి. హేవ్‌లాక్ దీవికి ఫెర్రీ మాత్రం ముందే బుక్ చేయండి. చలికాలంలో అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది కాబట్టి అక్కడి రాధానగర్ బీచ్‌కి మధ్యాహ్నమే బయల్దేరాలి.

లక్షద్వీప్‌కి ముందే పర్మిట్ తీసుకుని, సాధారణంగా కొచ్చి వెళ్లి, అక్కడి నుంచి అగత్తి దీవికి విమానమో, లేదంటే ఓడో ఎక్కాలి. హోటళ్లూ తక్కువే. కానీ ఆ లగూన్ (దీవికీ పగడపు దిబ్బకీ మధ్య ఉండే లోతు తక్కువ నీళ్లు)! పగడపు దిబ్బ అలల్ని బయటే ఆపేస్తుంది, లోపల అడుగున ఇసుక కూడా కనిపిస్తుంది. నీళ్లలోనే గడపాలనుకునే జంటలైతే ఆ శ్రమంతా పడొచ్చు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రెండూ వద్దు.